సర్దేదీ ఆమే, సర్దుకునేదీ ఆమే



ఈ శీర్షికలో పిల్లల చదువుల గురించి, అప్పుల గురించి, అత్తాకోడళ్ళ మాటపట్టింపుల గురించి మాట్లాడుకున్నాము. ఈ నెల వంటింటిలోకి వెళదాము. "అయ్యగారికి వంటింట్లో ఏమి పని?" అని కొందరు తల్లులు నవ్వుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. పెండ్లి అయిన తరువాత 14 సంవత్సరములు వంటింటితో నాకు పని లేదనే అనుకున్నాను. ఆ అనుకోవడములోనే తప్పు జరిగిపోయినది. ఆ సంగతి ముందుగా చెప్పి, తరువాత మిగిలినవి చెబుతాను.

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఇంటికి చుట్టాలు వచ్చారు. నా భార్య అందరికీ వడ్డిస్తూ, పప్పు గిన్నె చేతిలో ఉండగానే గడప దగ్గర కూలబడినది. ఎండదెబ్బ అనుకున్నాము. మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టాము. మరునాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసుకువెళ్ళితే రక్తము పరీక్ష చేసి, హిమోగ్లోబిన్ 7.5 గ్రాములు ఉన్నదని చెప్పారు. స్త్రీకి 12 గ్రాములకు తగ్గకూడదు. డాక్టరమ్మ గారు కాగితము మీద మందులు వ్రాస్తూ, "మీ ఆవిడ ఏమి తింటుందండీ?" అని అడిగారు. "మేమందరము తినేదే" అన్నాను. "ఎప్పుడు తింటుంది?" అన్నారు. నాకు జవాబు తెలియలేదు. ఎవరి ఇంట్లో ఎవరు ఏ పూట ప్రార్థన మానివేశారో చెప్పగలిగిన నాకు, నా ఇంట్లో నా భార్య ఎన్ని గంటలకు అన్నము తింటుందో తెలియదు.

ఆ రాత్రి నా భోజనము అయిన తరువాత అరుగు మీదికి వెళ్ళకుండా వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాను. ఆమెకు అది ఇబ్బందిగానే ఉన్నది. పిల్లలు తిన్నారు, మా అమ్మ తిన్నది. అప్పుడు ఆమె తపేలా వంచి చూసుకున్నది. అడుగున అంటుకున్న అన్నము గరిటెతో గీకి కంచములో వేసుకున్నది. పప్పు గిన్నెలో కొంచెము నీళ్ళు పోసి కడిగినట్టు తిప్పి, ఆ నీళ్ళు అన్నము మీద పోసుకున్నది. ఒక ఆవకాయ ముక్క, రెండు గరిటెల మజ్జిగ.

"గుడ్లు వండావు కదా, నీ గుడ్డు ఏది?" అన్నాను.

"పెద్దవాడు ఇంకొకటి అడిగాడండి, ఇచ్చేశాను."

"రోజూ ఇంతేనా?"

"రోజూ ఏముందిలెండి, ఉన్నదానితో సర్దుకుంటాను."

ఆ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. వంటిల్లు సర్దేదీ ఆమే, సర్దుకునేదీ ఆమే. డబ్బాలు, గిన్నెలు, మనుషుల ఆకలి అన్నీ సర్దిపెట్టి, చివరకు మిగిలినదానితో సర్దుకుంటుంది. ఆ చివరకు అన్నము తరుగుతుంది, కూర తరుగుతుంది, ఆమె కూడా తరిగిపోతుంది.

అప్పుడు నాకు మరొక సంగతి జ్ఞాపకము వచ్చినది. గ్రామములలో ఇండ్లు దర్శించుటకు వెళ్ళినప్పుడు, "అయ్యగారు వచ్చారు" అని కోడిని కోస్తారు. కాలు, కందనకాయ నా కంచములోనే పడతాయి. పిల్లలు తలుపు చాటు నుండి చూస్తుంటారు. ఇల్లాలు విసనకర్రతో నిలబడి ఉంటుంది. ఎన్ని ఇండ్లలో, ఎన్ని సంవత్సరములు అలా తిని, చేయి కడుక్కుని, ఆశీర్వదించి వచ్చానో! ఆ ఇల్లాలి కంచములో ఏమి పడినదో ఒక్కసారి కూడా అడుగలేదు. ఇందులో వారి తప్పు లేదు. ప్రేమతో పెట్టారు. చూడవలసినవాడను నేను చూడలేదు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు

2019 నుండి 2021 వరకు జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో 57.6 మంది అని తేలినది. దేశము మొత్తము మీద స్త్రీలలో నూటికి 57 మంది అయితే, పురుషులలో 25 మంది. మన ఆలయములో స్త్రీల వైపు చాప మీద కూర్చున్నవారిని పదిమందిని లెక్కపెడితే, అయిదారుగురికి రక్తము తక్కువ అన్నమాట. "నీరసముగా ఉన్నదయ్యగారూ, మెట్లు ఎక్కితే ఆయాసము వస్తున్నది, ప్రార్థన చేయండి" అని వచ్చే తల్లులలో ఎందరికి రక్తము తక్కువై అలా ఉన్నదో! ప్రార్థన చేస్తాము. దానితోపాటు, "రక్త పరీక్ష చేయించుకున్నావా అమ్మా?" అని కూడా అడగాలని నేను నేర్చుకున్నాను.

ఇంకొక మాట వినండి. మగవాడు కష్టపడతాడు కాబట్టి అతనికి ఎక్కువ కావాలని అనుకుంటాము. అన్నము విషయములో అది కొంత నిజమే. ఇనుము విషయములో లెక్క తిరగబడుతుంది. రక్తము పట్టుటకు కావలసినది ఇనుము. మన వైద్య పరిశోధనా మండలి 2020లో చెప్పిన లెక్క ప్రకారము పెద్దవాడైన పురుషునికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, స్త్రీకి 29 మిల్లీగ్రాములు కావాలి. నెలనెలా రక్తము పోయే శరీరము, బిడ్డను మోసే శరీరము ఆమెది. ఎక్కువ కావలసినవారికి అడుగున మిగిలినది వస్తున్నది. ఎక్కువ తిన్నవారికి తక్కువ సరిపోతుంది. ఇంతకంటె తారుమారైన వడ్డన ఉంటుందా?

అయితే చివర తినడమే రక్తహీనతకు ఏకైక కారణము అని అనుకోవద్దు. డాక్టరమ్మ గారు నాకు వివరముగా చెప్పారు. నెలసరిలో ఎక్కువ రక్తము పోవుట, కడుపులో నులిపురుగులు, వెంటవెంటనే కాన్పులు, కొన్ని జబ్బులు కూడా కారణము కావచ్చు. కనుక ముందు పరీక్ష అవసరము.

మన కంచము ఎలా మారినది?

మాది పల్నాడు. మా నాయనమ్మ జొన్నన్నము తిని పెరిగిన మనిషి. జొన్నలు, సజ్జలు, కొర్రలు ఇంట్లో ఉండేవి. పండుగకే వరి అన్నము. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత మెట్ట పొలాలు మాగాణి అయినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. దానివలన పేదవారి ఆకలి తీరిన మాట నిజము, దానిని తక్కువ చేసి మాట్లాడకూడదు. కాని మూడు పూటలా తెల్లని అన్నమే అయి, పక్కన ఉండవలసినవి సన్నగిల్లినవి.

బియ్యము ఎంత తెల్లగా ఉంటే అంత గొప్ప అనుకుంటాము. మరపట్టించి పాలిష్ చేస్తే తవుడు పోతుంది. ఆ తవుడు గేదెకు పెడతాము. బలము గేదెకు, తెలుపు మనకు! 1890ల నాడు జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు కోళ్ళను చూసి ఈ సంగతి కనిపెట్టాడు. పాలిష్ బియ్యము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోయినవి, పైపొర ఉన్న బియ్యము పెడితే కోలుకున్నవి. ఆయనకు 1929లో నోబెల్ బహుమానము ఇచ్చారు. హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా 1918లో కూనూరులో ఈ బెరిబెరి జబ్బు మీద పరిశోధనతోనే మొదలైనది. 1958లో హైదరాబాదుకు వచ్చినది. అందువలన తల్లులారా, బియ్యమును ఏడుసార్లు కడగవద్దు, రెండుసార్లు చాలును. గంజి వార్చి పారబోయవద్దు. వీలైతే వారములో రెండు పూటలైనా జొన్నరొట్టె, కొర్రన్నము, రాగి సంగటి వండండి. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము ఉన్నది. పిల్లల ఎముకలకు, బాలింతలకు ఎంతో మంచిది.

రేషను బియ్యములో బలము కలిపిన గింజలను 2022 నుండి 2024 మార్చి లోపల దశలవారీగా చేర్చారు. వాటిని చూసి మా ఊరిలో, "ప్లాస్టిక్ బియ్యము" అని ఏరి పారవేశారు. అవి ప్లాస్టిక్ కావు. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 కలిపి గింజలుగా చేసి, నూరు గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. అలాంటివి కనబడితే ఏరవద్దు.

వంటిల్లు సర్దే పద్ధతి

ఆ రాత్రి తరువాత నేను, మా పిల్లలు, నా భార్య కలిసి ఒక శనివారము వంటింట్లోని డబ్బాలన్నీ దించాము. మేము నేర్చుకున్నవి కొన్ని చెబుతాను.

మొదటిది, విషము వంటింట్లో ఉండకూడదు. మా అటక మీద ఒక శీతల పానీయపు సీసాలో సగము పురుగుమందు దొరికినది. పొలము నుండి తెచ్చి ఎప్పుడో పెట్టినది నేనే. మంచినూనె సీసాకు జానెడు దూరములో ఉన్నది. 2013 జూలై 16న బీహారు రాష్ట్రము సారణ్ జిల్లాలోని ఒక గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసినది. మందు డబ్బా ఎంత కడిగినా అది మందు డబ్బాయే. దానిలో నూనె, నీళ్ళు, గింజలు పోయవద్దు. మందును తినే వస్తువుల సీసాలోకి మార్చవద్దు. ఇంటి బయట, తాళము వేసి, పిల్లలకు అందకుండా పెట్టండి. వంటిల్లు సర్దడము ఇక్కడ నుండి మొదలు కావాలి.

రెండవది, పాతది ముందు, కొత్తది వెనుక. కొత్త కందిపప్పు తెచ్చి పాతదాని మీద పోస్తే అడుగునది పురుగు పడుతుంది. పాతది తీసి, డబ్బా తుడిచి, ఎండబెట్టి, కొత్తది అడుగున పోసి పాతది పైన పోయండి. నాలుగు ఎండిన వేపాకు రెమ్మలు వేస్తే మన పెద్దలు చెప్పినట్టు పురుగు తగ్గుతుంది.

మూడవది, చేతికి అందేది తింటాము. మా ఇంట్లో దుకాణపు బిస్కట్లు ముందు వరుసలో, వేరుశనగలు, నువ్వులు వెనుక ఎక్కడో మూలన ఉండేవి. వాటిని తారుమారు చేశాము. ఇప్పుడు పిల్లలు బడి నుండి రాగానే వేరుశనగ డబ్బాయే తీస్తున్నారు. ఇంత చిన్న మార్పుకు పైసా ఖర్చు కాలేదు.

నాల్గవది, ఉప్పు లెక్క. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే ఒక చిన్న చెంచాడు. అయిదుగురు పెద్దలున్న ఇంట్లో కిలో ఉప్పు పొట్లము 40 రోజులు రావాలి. పొట్లము విప్పిన రోజున దానిమీద తేదీ వ్రాసిపెట్టండి. మా ఇంట్లో 22 రోజులకే అయిపోయినది. అది కాక ఆవకాయ, అప్పడము, ఎండుచేపలలో ఉన్న ఉప్పు వేరే. రక్తపోటు ఎక్కడ నుండి వస్తున్నదని ఇక ఎవరినీ అడగనక్కరలేదు.

అయిదవది, ఇనుప మూకుడును అటక మీద నుండి దించండి. తళతళలాడే గిన్నెలు వచ్చి దానిని పైకి పంపాము. ఇనుప పాత్రలో వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. పులుపు కూర అయితే వండగానే వేరే గిన్నెలోకి తీయండి, లేకపోతే నల్లబడి రుచి మారుతుంది.

ఆరవది, టీ. మిరప కోతలకు వెళ్ళే తల్లులు తెల్లవారుజామున ఒక గ్లాసు టీ తాగి, పగలు పన్నెండు వరకు అదే ఆధారముగా పని చేస్తారు. టీ ఆకలిని చంపుతుందే గాని తీర్చదు. పైగా అన్నముతోపాటు, తిన్న వెంటనే టీ తాగితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంట ఆగి తాగండి. దానికి బదులు అన్నములో నిమ్మకాయ పిండుకుంటే, తిన్న తరువాత ఒక జామకాయ గాని ఉసిరికాయ గాని తింటే ఇనుము బాగా ఒంటబడుతుంది. పనికి వెళ్ళేముందు చద్దన్నము, మజ్జిగ, ఉల్లిపాయ, గుప్పెడు వేరుశనగలు తిని వెళ్ళుట మన అమ్మమ్మల పద్ధతి. అది పేదరికమని సిగ్గుపడవద్దు.

ఇక ఆకుకూరలు. తోటకూర, మునగాకు, పొన్నగంటి కూర ఇవన్నీ దొడ్డిలో పెరిగేవి. గిన్నెలు కడిగిన నీళ్ళు ఒక మునగ చెట్టుకు చాలును. ఆకును తరిగిన తరువాత కాదు, తరుగక ముందే కడగండి. వీలైనప్పుడు గుడ్డు, మెత్తళ్ళు, మేక కార్జము వండండి. మెత్తళ్ళలో, కార్జములో ఉన్న ఇనుము ఆకుకూరలో దానికంటె తేలికగా ఒంటబడుతుంది. అవి ఆమె కంచములో కూడా పడాలి సుమా!

ముందుగా తీసిపెట్టిన గిన్నె

పై ఆరు సంగతులు అయినా, ఇది చేయకపోతే ప్రయోజనము లేదు. మా సంఘములో కొందరు తల్లులు ఎసట్లో బియ్యము పోసేముందు గుప్పెడు బియ్యము దేవుని కొరకు తీసి వేరే కుండలో వేస్తారు. వండిన తరువాత మిగిలితే ఇద్దామని కాదు, వండక ముందే తీస్తారు. మిగిలితే ఇద్దామనుకుంటే ఎన్నడూ మిగలదని వారికి తెలుసు. నా భార్యకు నేను ఇదే మాట చెప్పాను. "ముందుగా తీసిపెట్టుట నీకు తెలిసిన పద్ధతే కదా. నీ భోజనము కూడా ముందుగానే తీసిపెట్టు."

ఒక మూతగిన్నె కొన్నాము. వడ్డన మొదలు కాకముందే దానిలో ఆమె అన్నము, పప్పు, కూర, గుడ్డు వండిన రోజున గుడ్డు తీసి మూతపెట్టాలి. ఎవరు వచ్చినా, ఎవరు మారు అడిగినా ఆ గిన్నె మూత తీయరాదు. చుట్టాలు వస్తే మరొక గిద్దెడు బియ్యము పొయ్యి మీద వేద్దాము. కష్టమేమీ లేదు. అందరితోపాటు కూర్చుని తింటే మరీ మంచిది. గిన్నెలు మధ్యలో పెట్టుకుని ఎవరికి వారు వడ్డించుకోవచ్చు. అది కుదరని ఇండ్లలో ఈ మూతగిన్నె అయినా ఉండాలి.

ఒక గ్రామములో స్త్రీల కూడికలో ఈ మాట చెప్పినప్పుడు ఒక పెద్దావిడ లేచినది. "మా అత్త తినకుండా నేను ముద్ద ముట్టలేదు అయ్యగారూ. ఇప్పుడు కోడళ్ళకు ముందే తీసిపెట్టమంటారా?" అని గట్టిగానే అడిగినది. నేను ఏమీ అనలేదు. రెండు నెలల తరువాత ఆ ఇంటికి వెళ్ళాను. కోడలు అయిదవ నెల గర్భవతి. పొయ్యి పక్కన మూతపెట్టిన గిన్నె ఒకటి ఉన్నది. నేను దానివైపు చూడడము ఆ పెద్దావిడ చూసినది. "నాకు ఎవరూ తీసిపెట్టలేదయ్యా. దీనికి నేను తీసిపెడుతున్నాను" అని మాత్రము అన్నది. ఆ మాటకు మించిన ప్రసంగము నేను చేయలేను.

మాత్రల సంగతి

రక్తము బాగా తగ్గిన తరువాత ఆహారముతో మాత్రమే సరిపోదు. ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రలు ఆశా కార్యకర్త దగ్గర, ఆరోగ్య కేంద్రములో ఉచితముగా ఇస్తారు. గర్భవతులకు ఇవి తప్పనిసరి. ఈ ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేసినది ఎవరో తెలుసా? మన భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపించిన పరిశోధక బృందము. అది 1945లో జరిగినది. ఆయన 1948లో చనిపోయారు. ఒక తెలుగువాని కష్టము ఆ చిన్న మాత్రలో ఉన్నది. దానిని చూరులో దోపి మరచిపోతున్నాము.

మాత్రలు మానివేయుటకు మన తల్లులు చెప్పే కారణము మలము నల్లగా వస్తున్నదని, వికారముగా ఉన్నదని. నలుపు వలన భయము లేదు, ఇనుము వలన అలా వస్తుంది. వికారము ఉంటే రాత్రి భోజనము తరువాత వేసుకోవచ్చునేమో డాక్టరును అడగండి. టీతో వేసుకోవద్దు, నిమ్మరసముతో మంచిది. రక్తము పెరిగినదని వెంటనే మానవద్దు, డాక్టరు చెప్పినంత కాలము వాడండి. ఎన్ని మాత్రలు, ఎన్ని రోజులు అన్నది వారే చెప్పాలి.

మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. నాలుగు నెలల మాత్రలు, నులిపురుగుల మందు, మూతగిన్నె. ఆమె రక్తము 11 గ్రాములకు వచ్చినది. ఇంకా ఒక గ్రాము రావాలి. "ఇదివరకు నీళ్ళ బిందె ఎత్తితే కళ్ళు తిరిగేవి, వయస్సు అయిపోయినదనుకున్నాను" అన్నది. ఆమె వయస్సు అప్పుడు 36 సంవత్సరములు.

మా భోజనపు ప్రార్థన కూడా మారినది. ఇదివరకు నేను కన్నులు మూసి స్తోత్రము చెల్లించి తెరిచేసరికి ఆమె గరిటె పట్టుకుని నిలబడి ఉండేది. ఇంటివారిలో ఒకరు నిలబడి ఉండగానే "మా అందరికీ ఇచ్చిన ఆహారము కొరకు" అని ఎన్ని సంవత్సరములు ప్రార్థించానో! ఇప్పుడు ఆమె కూర్చున్న తరువాతనే మా చిన్నవాడు ప్రార్థన మొదలుపెడతాడు. ఆమె లేవబోతే వాడే, "అమ్మా, నువ్వు కూర్చో, పెరుగు నేను తెస్తాను" అంటున్నాడు.

సహోదరులారా, ఈ నెల ఒక్క పని చేయండి. ఒక రాత్రి మీ భోజనము అయిన తరువాత లేచి వెళ్ళిపోకుండా వంటింట్లో కూర్చోండి. మీ తల్లి, మీ భార్య, మీ కోడలు ఏమి తింటున్నారో చూడండి. ఏమీ అనవద్దు, కోపపడవద్దు, ఊరకే చూడండి. మరునాడు ఏమి చేయాలో మీకే తెలుస్తుంది. తల్లులారా, మీరు ఒక మూతగిన్నె తీసిపెట్టుకోండి.

వచ్చే నెల మరొక సంగతితో కలుసుకుందాము.